ఛత్తాబజార్లో శ్రీలు మాయమైన ఎండాకాలం

మాణిక్యమ్మ ప్రెస్సులో శ్రీలు మాయమయ్యాయి.

డెబ్బై నాలుగో సంవత్సరం ఎండాకాలం. పెండ్లిళ్ళ సీజను నెత్తిన కూర్చుని ఉంది. ఛత్తాబజారు సందులో ఏ ప్రెస్సు గడప చూసినా శుభలేఖల కోసం వచ్చిన జనమే. అలాంటి రోజుల్లో, పెండ్లి కార్డుల మీదే బతికే ప్రెస్సులో శ్రీ లేకపోవడమంటే మిఠాయి దుకాణంలో చక్కెర లేకపోవడమే. శ్రీ ఒక్కటే కాదు, చి॥ లేదు, సౌ॥ లేదు. సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి, వరుసగా కూర్చి, పేజీ కట్టి అచ్చు వేసే కాలమది. అక్షరం లేకపోతే ఎంత గొప్ప పనివాడైనా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

అలా నిలబడే దొరికిపోయాడు మైసయ్య. అక్షరాలు పోసి ఉంచే గళ్ళపెట్టె ముందు, ఉత్త చేతులతో.

"ఏంది మైసయ్యా, మళ్ళ నిలబడ్డవ్?" మాణిక్యమ్మ గల్లాపెట్టె దగ్గరి నుంచే అడిగింది. ఆమె మామూలుగా అడిగినా నయాపూల్ దాకా వినిపిస్తుంది.

"శ్రీ లేదమ్మా. పెట్టె అడుగంట వెతికిన."

"కృష్ణయ్యకు దొరుకుతది, దుర్గయ్యకు దొరుకుతది. నీకే దొరకదా?"

మైసయ్య మళ్ళీ గడిలో చెయ్యి పెట్టి తడిమాడు. మిగతా ఇద్దరు కంపోజిటర్లు, కృష్ణయ్య, దుర్గయ్య, తలలు వంచుకుని తమ పని తాము చూసుకుంటున్నారు. ఆ ఇద్దరూ అంత శ్రద్ధగా పనిచేయడం ఆ ప్రెస్సులో అంతకుముందు ఎవరూ చూడలేదు.

అదే సమయానికి పురానాపూల్ పాల వ్యాపారి రామ్‌చందర్ తలుపులోంచే మొదలుపెట్టాడు. "అమ్మా, కల్ కల్ బోల్‌కే హఫ్తా హోగయా, రేపు రేపనుకుంట వారమాయె. నా బిడ్డ పెండ్లికి పిలుస్తున్ననా, పురుటికి పిలుస్తున్ననా?"

మాణిక్యమ్మ ముఖం కందగడ్డ అయింది. రామ్‌చందర్‌ను ఎలాగో సాగనంపి, నేరుగా మైసయ్య దగ్గరికి వచ్చింది. "పోయిన నెల కొత్త శ్రీలు తెప్పిచ్చిన. పిడికిళ్ళకు పిడికిళ్ళు పోసిన ఈ పెట్టెల. వారం తిరగకముందే ఏమైనయ్? నువ్వు వచ్చినంకనే మొదలైంది ఈ లొల్లి. సీసం కరిగించేటోళ్ళు మీ గల్లీలనే ఉంటరు గద? శుక్రవారం దాక చూస్త. అక్షరాలు దొరికినయా, సరే. లేదంటే శనివారం నుంచి నీ జాగల వేరేటోడు వస్తడు. మాట్లాడి పెట్టిన."

ఛత్తాబజారులో సీసం దొంగ అనిపించుకున్న మనిషిని మళ్ళీ ఏ ప్రెస్సూ గడప తొక్కనివ్వదు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. మైసయ్యకు ఇంకా బాగా తెలుసు. ముగ్గురు పిల్లల తండ్రి అతను.

పక్క గదిలో ప్రూఫులు దిద్దుతున్న రాహేలు చేతిలో పెన్సిలు ఆగిపోయింది. ప్రెస్సులో ఆర్డర్లు రాసుకునేదీ, తప్పులు దిద్దేదీ ఆమే. మైసయ్యను ఇక్కడికి తెచ్చిందీ ఆమే. మాదన్నపేట మార్కెట్లో కూరగాయలు అమ్మే సక్కుబాయి, తన పెనిమిటి పనిచేసే చిన్న ప్రెస్సు మూతబడిందని కండ్లనీళ్ళు పెట్టుకుంటే, మా ప్రెస్సు అమ్మకు చెప్తాలే అని మాటిచ్చి తీసుకొచ్చింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళిందన్న మాటే గానీ రాహేలు మనసు ఇంట్లో లేదు. ఆమె భర్త ప్రకాశం మనసు మాత్రం ఆకాశంలో ఉంది. సర్కారు ఫ్యాక్టరీలో స్టోర్స్ గుమాస్తా అతను. రెండు రోజులుగా పని మాన్పించి అందరినీ ఏదో మేనేజ్‌మెంటు ట్రైనింగులో కూర్చోబెట్టారు. మొదటిరోజు నిద్రపోయి వచ్చాడు. రెండోరోజు చాక్‌పీసు జేబులో వేసుకుని వచ్చాడు.

"రాహేలూ, ఇటు చూడు," అని వంటగది గచ్చు మీద గీయడం మొదలుపెట్టాడు. "పని ఎక్కడన్న ఆగిందనుకో, మనం ఏం చేస్తం? ఎవడు ఆపిండని చూస్తం. గట్ల చూడొద్దంటడు ఆ సారు. ఏ పని వల్ల ఏ పని అయితున్నదో బాణాలు గీసుకుంట పోవాలంట. పోయి పోయి ఆ బాణం మళ్ళ మొదటికే వస్తదంట. దాన్ని సిస్టమ్ అంటరు."

"అన్నం మాడుతున్నది, జరుగు."

"ఇను. మా స్టోర్స్ సంగతే తీసుకో. బోల్టులు తక్కువైతయేమో అని మెషిన్ షాపుల పనోళ్ళు రెండింతలు రాసిపంపుతరు. రెండింతలు ఇచ్చేసరికి స్టోర్స్ ఖాళీ. ఖాళీ అయిందని తెలిసి ఇంకో షాపోడు మూడింతలు రాస్తడు. బోల్టులన్ని వాళ్ళ వాళ్ళ బీరువాలల్ల ఉన్నయ్, ఫ్యాక్టరీల మాత్రం బోల్టుల్లేవు. ఇందుల దొంగ ఎవడు? ఎవ్వడు లేడు. అందరు భయపడ్డరు, అంతే."

రాహేలు గంటె అలాగే పట్టుకుని గచ్చు మీద కూర్చుంది. అన్నం సంగతి దేవుడెరుగు. ప్రకాశం చేతిలోంచి చాక్‌పీసు లాక్కుని "అక్షరాలు తక్కువ" అని రాసింది. అక్కడి నుంచి బాణం గీసి "పని ఆలస్యం" అంది. ఇంకో బాణం గీసి "గిరాకి లొల్లి" అంది. లొల్లి పెట్టినవాడి పని ముందు మొదలుపెట్టడం, చేస్తున్న పేజీ సగంలో వదిలేయడం, ఆ సగం పేజీలో అక్షరాలు ఇరుక్కుపోవడం. బాణం మొదటికొచ్చింది. ఇంకో మూల "కొత్త అక్షరాలు తెప్పించినా మాయం" అని రాసి, దానికి కారణంగా మైసయ్య పేరు రాయబోయింది.

"మనిషి పేరు రాయకు," అన్నాడు ప్రకాశం. "ఆ సారు మల్ల మల్ల చెప్పిండు. మనిషి పేరు రాస్తే బాణం ఆడనే ఆగిపోతదంట. పని రాయి."

ఏ పని? అక్షరాలు మాయమయ్యే పని ఏది? రాహేలు చాక్‌పీసు నేలకు ఆనించి ఆలోచించింది. ఆలోచిస్తూ ఉండగానే చెంపలు వేడెక్కాయి. తన పెన్సిలు డబ్బా గుర్తొచ్చింది. ప్రూఫులో ఎక్కడన్నా శ్రీ విరిగితే మార్చడానికి అవసరమవుతుందని, గళ్ళపెట్టెలో దొరకడం కష్టమైందని, నెల రోజులుగా తను ఆ డబ్బాలో కొన్ని శ్రీలు వేసి పెట్టుకుంటోంది. దొంగతనమని ఒక్కనాడూ అనుకోలేదు. జాగ్రత్త అనుకుంది.

ఆమె నెమ్మదిగా "దాచుకోవడం" అని రాసి, దాని నుంచి "అక్షరాలు తక్కువ"కు బాణం గీసింది. మళ్ళీ అక్కడి నుంచి "దాచుకోవడం"కు ఇంకో బాణం. గిర్రున తిరిగే చక్రం. తను కూడా అందులోనే ఉంది. సిగ్గేసింది, కానీ ఆ సిగ్గును తొక్కుకుంటూ సంతోషం పొంగుకొచ్చింది. నెల రోజులుగా కనిపించనిది ఇప్పుడు వంటగది గచ్చు మీద కనిపిస్తోంది. ఆ పూట ఇద్దరూ మాడిన అన్నమే తిన్నారు.

మరునాడు, బుధవారం పొద్దున్నే రాహేలు ప్రెస్సులో పేజీలు కట్టే నల్లరాతి బల్ల మీద చాక్‌పీసుతో ఆ చక్రమంతా గీసింది. అందరూ చుట్టూ చేరారు. తను పెన్సిలు డబ్బా తెచ్చి రాతి మీద బోర్లించింది. శ్రీలు గలగలా రాలాయి.

"ఇవి నేను దాచుకున్నయమ్మా," అంది.

ఆమె అనుకున్నది వేరు. తను ముందడుగు వేస్తే మిగతావాళ్ళు కూడా వేస్తారనుకుంది. ఎవరూ కదల్లేదు. దుర్గయ్య పైకప్పులో బల్లిని చూస్తున్నాడు. కృష్ణయ్యకు ఉన్నట్టుండి దగ్గొచ్చింది. మాణిక్యమ్మ మాత్రం కదిలింది.

"అంటే ఒక్కడు కాదు, ఇద్దరు దొంగలన్నమాట," అంది. "నీ మాట మీద వాణ్ణి పెట్టుకున్న. నువ్వే గిట్ల చేస్తివి. శనివారం నీకు కూడ జవాబు చెప్తగని పో."

ఇంకొకరైతే అక్కడితో నోరు మూసుకునేవారు. రాహేలు ఆ చక్రం చూసుకుని చూసుకుని రాత్రంతా పొంగిపోయిన మనిషి. ఆగే స్థితిలో లేదు. "పోత గానీ ఒక్కటి చెప్పుండ్రమ్మా. దాచుకున్నయ్ కొన్నే. మిగిలిన అక్షరాలు యాడున్నయ్?"

అని గోడ వైపు చెయ్యి చూపించింది. అందరూ రోజూ చూసే గోడే. నేల నుంచి కప్పు దాకా అరలు. అరల నిండా అచ్చు అయిపోయిన పెండ్లి పేజీలు, తాళ్ళతో కట్టి, దుమ్ము పట్టి. మామూలు ప్రెస్సుల్లో కార్డు అచ్చయిన మరునాడే పేజీ విప్పి అక్షరాలు తిరిగి పెట్టెలో పోస్తారు. ఇక్కడ మాత్రం పెండ్లి అయ్యేదాకా విప్పరు. పెండ్లి కాకముందే పేజీ విప్పితే పెండ్లి విడిపోతుందని ఆ ప్రెస్సు ఆచారం. మాణిక్యమ్మ భర్త రామలింగయ్య ఉన్ననాటి నుంచీ వస్తున్న మాట. అప్పట్లో నెలకు పదో పదిహేనో పెండ్లిళ్ళు. ఇప్పుడు సీజనంతా ఈ ప్రెస్సు మీదే పడింది. ఆచారం మాత్రం మారలేదు, అరలు నిండిపోయాయి. అక్కడ ఇరుక్కున్నవి అక్షరాలని అందరికీ తెలుసు. కానీ ఎవరి కంటికీ అవి అక్షరాలుగా కనిపించలేదు. పెండ్లిళ్ళుగా కనిపించాయి.

"దాని జోలికి పోకు," అంది మాణిక్యమ్మ. ఆమె గొంతు మొదటిసారి తగ్గింది. "ఆయన పెట్టిన కట్టుబాటది. మీ కిరస్తానోళ్ళల్ల ఇసోంటివి ఉండయ్, నీకు తెల్వదు."

"తెల్వదమ్మా, అందుకే అడుగుతున్న. ఆయన ఏమన్నడు? సరిగ్గ ఏ మాటన్నడు?"

ఆ మాట అడగాలని ఆ ప్రెస్సులో ఎవరికీ ఎన్నడూ తట్టలేదు. అందరి చూపులూ కృష్ణయ్య మీదికి మళ్ళాయి. రామలింగయ్య చేతికింద పని నేర్చుకున్నది ఆయనొక్కడే.

కృష్ణయ్య దగ్గు మానేశాడు. "ఒకసారి నేను పిల్ల పేరు, పిలగాని పేరు విప్పి పెట్టెల పోసిన. ఆ పెండ్లి నిజంగనే చెడిపోయింది. అప్పుడన్నడు రామలింగయ్య బాపు. లగ్గం అయ్యేదాక పేర్లు విడదీయొద్దురా అని."

"పేర్లు అన్నడా, పేజీ అన్నడా?"

"పేర్లే అన్నడు," అన్నాడు కృష్ణయ్య, అన్న తర్వాత తన మాట తనకే వింతగా తోచి. "నాకు మస్తు భయమైంది. ఎందుకొచ్చిన తిప్పలని అప్పటిసంది పేజీకి పేజే కట్టి అరల పెట్టుడు షురూ చేసిన. నన్ను చూసి అందరు గట్లనే చేసిన్రు."

రాహేలుకు ఎగరాలనిపించింది. "ఐతే పేర్లు కట్టే ఉంచుదమమ్మా. పసుపు దారం చుట్టి, జంటగ, అరల పెడుదం. లగ్గం అయ్యేదాక ఎవ్వరు ముట్టరు. మిగిలిందంత విప్పుదం. ముహూర్తం మాట, విందు మాట, బంధుమిత్రుల మాట, వీటికి ఏ పెండ్లి విడిపోతది?"

మాణిక్యమ్మ అరల వైపు చూసింది. భర్త మాటకూ భయానికీ మధ్య ఇన్నేళ్ళలో ఎంత దుమ్ము పేరుకుందో ఆమెకు అప్పుడే కనిపించినట్టుంది. "పసుపు తెప్పియ్యి," అంది చివరికి.

ఇక ఆ రోజు ఆ ప్రెస్సులో జరిగింది పెండ్లి హడావుడి కంటే తక్కువేమీ కాదు. వీధి తలుపు దగ్గరికి వేసి అందరూ నేల మీద కూర్చున్నారు. దుర్గయ్య పేజీలు దించుతుంటే కృష్ణయ్య తాళ్ళు విప్పాడు. వధూవరుల పేర్ల వరుసలు రాహేలు చేతికి వస్తే ఆమె పసుపు దారం చుట్టి జంటలు జంటలుగా పేర్చింది. మిగతా అక్షరాలు గళ్ళల్లో పడుతూ ఉంటే ఎండిన బావిలో ఊట పడ్డంత సంబరం. మాణిక్యమ్మ కూడా కొంగు నడుముకు దోపి కూర్చుంది. సందేహం వచ్చిందల్లా దుర్గయ్యకే.

"అమ్మా, పేరు ముందర చి॥ ఉన్నది. అది పేరుల లెక్కనా, కాదా?"

మాణిక్యమ్మ ఆలోచించలేదు. "చి॥ అంటే దీవెన. దీవెన ఎందరికన్న ఇయ్యొచ్చు. ఇప్పు."

అందరూ నవ్వారు. మైసయ్య మాత్రం నవ్వకుండా, అందరికంటే వేగంగా అక్షరాలు ఏరి గళ్ళల్లో వేస్తున్నాడు. అతని మెడ మీద శుక్రవారం అలాగే ఉంది.

గురువారం పనికి రెక్కలొచ్చాయి. శ్రీ కావాలంటే చెయ్యి పెడితే చాలు, శ్రీ. సగంలో ఆగిన పేజీలు ఒకదాని వెంట ఒకటి పూర్తయ్యాయి. అవి పూర్తయి, అచ్చై, విప్పుకుని మళ్ళీ పెట్టెలోకే వచ్చాయి. రామ్‌చందర్ తన కార్డులు చూసుకుని, తిట్టడానికి తయారు చేసుకొచ్చిన మాటలు వృథా అయ్యాయని కొంచెం బాధపడ్డట్టు కనిపించాడు. మధ్యాహ్నానికల్లా లొల్లి పెట్టేవాళ్ళు లేరు. లొల్లి లేకపోయేసరికి చేస్తున్న పేజీ వదిలేసి ఇంకోటి పట్టుకోమనే కేకలూ లేవు. రాహేలు ప్రూఫులు దిద్దుతూ దిద్దుతూ లేచి వచ్చి నల్లరాతి మీది చక్రాన్ని చూసుకునేది. అవే బాణాలు. ఇప్పుడవి ఎదురు దిశలో తిరుగుతున్నాయి. ఎక్కడో ఒక్క ముడి విప్పితే మిగతావన్నీ వాటంతటవే సర్దుకున్నాయి. ఎవరికైనా చెప్పకపోతే గుండె పగిలేలా ఉంది. కాగితం మూటలు మోసుకొచ్చిన హమాలీని ఆపి మరీ చెప్పింది. అతను ఓపిగ్గా విని, మూట ఎక్కడ దించాలమ్మా అని అడిగాడు.

శుక్రవారం సాయంత్రం పని దిగే వేళ మాణిక్యమ్మ అందరినీ రాతిబల్ల దగ్గరికి పిలిచింది.

"పని నడుస్తున్నది, మంచిదే," అంది. "కానీ పోయిన నెల నేను తెప్పిచ్చిన కొత్త శ్రీలు అరలల్ల దొరకలే. అవి మెరుస్తుంటయ్, నాకు గుర్తే. అవి యాడికి పోయినయో తేలాలె. రేపు వచ్చేటోనికి ఇంక వద్దని చెప్పలే నేను."

చక్రం తిరిగింది, ప్రెస్సు గట్టెక్కింది, మనిషి మాత్రం మునుగుతున్నాడు. రాహేలు తాంబాళం తెచ్చి రాతి మీద పెట్టింది. "ఎవర్నీ అడుగుడు వద్దు, తిట్టుడు వద్దమ్మా. పెట్టెల శ్రీలు దండిగున్నయ్, ఇంక దాచుకునే అవసరం ఎవ్వరికి లేదు. ఎవరి తాన ఏమున్నా ఇందుల వేస్తరు."

చివరికి కృష్ణయ్య టిఫిను గిన్నె తెచ్చి, పై గిన్నె మూత తీశాడు. అన్నం ఉండాల్సిన చోట శ్రీలు. "పెద్దతనమైంది, నిలబడి ఎదురుచూసుడు అయితలేదు," అని గొణిగి బోర్లించాడు. దుర్గయ్య జేబులోంచి తంబాకు డబ్బా తీశాడు. కొత్త శ్రీలు తళతళలాడుతూ జారాయి. "నువ్వు దాస్తున్నవని చూసే నేను దాచిన అన్నా," అన్నాడు. "నువ్వు దాస్తవని భయపడే నేను దాచిన," అన్నాడు కృష్ణయ్య. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకుని నవ్వాపుకోలేకపోయారు.

మాణిక్యమ్మ నవ్వలేదు. గిర్రున వెనక్కి తిరిగి గల్లాపెట్టె కింది సొరుగు తాళం తీసింది. పట్టుగుడ్డ మూట తెచ్చి తాంబాళంలో విప్పింది. అందరి కంటే పెద్ద మూట ఆమెదే. "పెద్ద పెద్దోళ్ళ కార్డులొస్తే అక్కరకొస్తయని," అంది, ఎవరి ముఖమూ చూడకుండా. అది కూడా దాచుకోవడమేనని ఆమెకు అప్పుడే తట్టినట్టుంది.

ఇక మిగిలింది మైసయ్య. అందరూ అతని వైపే చూశారు. అతను రెండు చేతులూ ముందుకు చాపాడు. అరచేతుల్లో సిరా తప్ప ఏమీ లేదు. జేబులు బయటికి తీసి చూపించాడు. సద్దిమూట విప్పి చూపించాడు.

"నీ తాన ఒక్కటి కూడ లేదా?" అంది మాణిక్యమ్మ. ఆమె గొంతులో అనుమానం మళ్ళీ తల ఎత్తుతోంది. "అందరి తాన ఉన్నయ్. నీ తాన ఎట్ల లేవు?"

మైసయ్య తప్పు చేసినవాడిలా తల గోక్కున్నాడు. "కొత్తగొచ్చినోన్నమ్మా. ఈడ అక్షరాలు దాచుకోవాలని నాకెవ్వరు చెప్పలే."

కృష్ణయ్యకు శ్రీ దొరికింది, దుర్గయ్యకు దొరికింది, ఇతనికే దొరకలేదు. ఎందుకు దొరకలేదో ఇప్పుడు తాంబాళం నిండా కుప్పగా కనిపిస్తోంది. అందరిలోకీ నిజాయితీగా ఉమ్మడి పెట్టెలోంచి తీసుకున్నది ఇతనొక్కడే. అందుకే అందరిలోకీ ఆలస్యమైందీ ఇతనికే, దొంగ అనిపించుకున్నదీ ఇతనే. రాహేలుకు ఏడుపొచ్చింది. మూడు రోజులు తను మురిసిపోయిన చక్రంలో ఒక్క బాణం గీయడం మరిచిపోయింది, అది ఈ మనిషి మెడకు గురిపెట్టి ఉంది.

మాణిక్యమ్మ తాంబాళం అంచు పట్టుకుని నిలబడింది. ఆమె కండ్లలో నీళ్ళు తిరగడం రాహేలు చూసింది. రామలింగయ్య పోయిన తర్వాత అట్లా చూడటం అదే మొదలు.

"కృష్ణయ్యా," అంది చివరికి. "రేపు వస్తనన్నోనికి వద్దని చెప్పి రా. ఇప్పుడే పో, చీకటి పడకముందే."

తర్వాత మైసయ్య వైపు తిరిగింది. "తప్పయింది, బిడ్డా. పొద్దుగాల్ల రా. ఈడ ఎవ్వరన్న నీకు దాచుకునుడు నేర్పిస్తే ముందుగల నాకు చెప్పు. నేను నేర్పిచ్చినా సరే."

మైసయ్య తలూపాడు. తాంబాళం రెండు చేతులతో ఎత్తి, కష్టపడి గళ్ళపెట్టె దాకా మోసుకుపోయి, శ్రీలను శ్రీల గడిలో పోయడం మొదలుపెట్టాడు.